మాట వెనుక కథ: మట్రోస్కా

పెన్‌డ్రైవ్‌లో సినిమా ఎక్కించుకుని చూసేవాళ్లకి ‘ఎంకేవీ’ కొత్త కాదు. దాని అసలు పేరు మట్రోస్కా. 2002లో మొదలైన ఈ ఫార్మాట్‌కి రష్యన్ కొయ్యబొమ్మ మత్ర్యోష్కా పేరు పెట్టారు. విప్పితే లోపల ఇంకో బొమ్మ, అందులో మరొకటి. మత్ర్యోష్కా అన్నది మత్ర్యోనా అనే ఆడపేరుకి ముద్దుపేరు, మన సుబ్బలక్ష్మి సుబ్బులైనట్టు. సినిమానే ‘బొమ్మ’ అనే మనకి ఈ పేరు ఇంకా బాగా నప్పుతుంది!

ఎంకేవీ అంటే వీడియో కాదు, డబ్బా. అందులో దృశ్యం, తెలుగు ఆడియో, తమిళ ఆడియో, సబ్‌టైటిళ్లు వేర్వేరుగా సర్ది ఉంటాయి. ‘ఎంకేవీ ఆడట్లేదు’ అని టీవీని తిడతాం గానీ, చాలాసార్లు డబ్బా తెరుచుకుంటుంది, లోపలి దృశ్యాన్నో శబ్దాన్నో కుదించిన పద్ధతే, అంటే కోడెక్కే, టీవీకి అర్థం కాదు.

దాచుకోడానికి ఒక్క డబ్బా చాలు. స్ట్రీమింగ్ లెక్క వేరు. 2009లో ఆపిల్ తెచ్చిన స్ట్రీమింగ్ పద్ధతి హెచ్‌ఎల్‌ఎస్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, వాటి వరస చెప్పే చిట్టాను ముందు పంపుతారు. నెట్ మందగిస్తే తర్వాతి ముక్క కాస్త మసకది వస్తుంది, సినిమా మాత్రం ఆగదు. మట్రోస్కా వంశం వెబ్‌లోకీ వెళ్లింది: 2010లో గూగుల్ విడుదల చేసిన వెబ్‌ఎం అందులోంచి ఏరి తీసిందే.