టీబీ డ్యామ్: కట్టినప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత

మొన్న హొసపేట పోయి తుంగభద్ర డ్యామ్ చూసొచ్చినా. మన అనంతపురం జిల్లాకు ఆ నీళ్లు ఎందుకంత ముఖ్యమో పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నా.

1876-78లో వచ్చిన ధాత కరువులో బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప సీమల్లో లక్షల మంది తిండి లేక పోయినారు. తుంగభద్రకు ఆనకట్ట వేస్తే ఈ సీమ బతుకుతుందని సర్ ఆర్థర్ కాటన్ దొర 1860లోనే చెప్పినాడు. కానీ ఒక ఒడ్డు మద్రాసుది, ఇంకో ఒడ్డు నిజాంది, పైన మైసూరు. వాటాల పంచాయితీ తెగేసరికి 1944 వచ్చింది. 1945లో శంకుస్థాపన చేసినారు, 1953లో కాలువకు నీళ్లు వదిలినారు. రాయి, సున్నం, సుర్కీ గారతో కట్టిన డ్యామ్ అది, గేట్లు 33. దాని కోసం దగ్గర దగ్గర 90 ఊళ్లు మునిగినాయి. ఆ త్యాగం మనం మరవకూడదు.

ఎగువ కాలువ (హెచ్చెల్సీ) వంద కిలోమీటర్లకు పైగా కర్ణాటకలోనే పారి మన జిల్లాలోకి వస్తుంది. అది వచ్చే బొమ్మనహాళ్, కణేకల్ పక్కనే వేదవతి ఇసుక గాలికి లేచి చేన్ల మీద పడుతుంది. దర్గాహొన్నూరు దిక్కు పోతే ఇసుక దిబ్బలు చూడొచ్చు. ఎడారికీ మనకూ మధ్య ఉండేది ఆ కాలువే.

ఇప్పుడు అసలు విషయం. కట్టినప్పుడు డ్యామ్‌లో 133 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లరే. అంటే 27 టీఎంసీల జాగా మట్టి తినేసింది. మన ఎగువ కాలువకు ట్రిబ్యునల్ రాసిన వాటా 32.5 టీఎంసీలు. లెక్క మీరే వేసుకోండి. తగ్గిన నీళ్లు అందరికీ తగ్గుతాయి, ఆయకట్టు చివరి రైతుకు మాత్రం అసలుకే రావు.

2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోతే అందరూ పరుగెత్తినారు, వారంలో అడ్డు వేసినారు. పూడికకు మాత్రం అంత తొందర లేదు. నవలి దగ్గర ఇంకో రిజర్వాయర్ అని కర్ణాటక, సమాంతర కాలువ అని మనవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు. 1860 నుంచి 1945 దాకా కూడా ఇట్లే మాట్లాడుకున్నారు. మధ్యలో ధాత కరువు వచ్చిపోయింది.

ఓటు అడిగేందుకు వచ్చే ప్రతి ఒక్కరినీ ఈ 27 టీఎంసీల సంగతి అడగండి.