తీరభూమి పక్షమున నిలిచినవారు

1836వ సంవత్సరమున, చికాగో ఇంకను నగరప్రతిపత్తిని పొందకముందే, ఇలినాయ్–మిషిగన్ కాలువ త్రవ్వకమునకు ధనము సమకూర్చుకొనుటకై స్థలములను విభజించి విక్రయింపబూనిన కమిషనర్లు, తాము గీయించిన పటమునందు, మిషిగన్ వీథికిని సరస్సునకును నడుమనున్న సన్నని నేలపట్టెపై, ఇది సర్వజనులకు చెందిన భూమియనియు, ఎన్నటికిని కట్టడములుగాని అడ్డంకులుగాని లేక తెఱపిగా నుండవలసినదనియు లిఖించియుంచిరి. ఆ వాక్యమును వ్రాయించుటలో ఔదార్యమెంత యున్నదో వర్తకదృష్టియు నంత యున్నదని నాకు తోచుచున్నది. ఎదుట జలరాశి కనుచూపుమేర పఱచుకొనియుండు స్థలము అధికమూల్యమునకు అమ్ముడుపోవును గదా. అయినను, ఏ ఉద్దేశముతో వ్రాయబడినను, దానిని నమ్మి స్థలములు కొన్నవారున్నందున ఆ మాట వాగ్దానమయ్యెను. తరువాతి నూటయెనుబది సంవత్సరముల చికాగో తీరచరిత్రము, ఆ వాగ్దానమును నిలువబెట్టుమని అడుగుటకు ఎవరికి అధికారము గలదను ప్రశ్న చుట్టును తిరుగుచు వచ్చినది.

మొదట ఆ మాటను పట్టించుకొన్నవారు తక్కువ. అలలు ఒడ్డును కోసివేయుచుండ, అడ్డుకట్ట కట్టుటకు నగరపు బొక్కసమున ధనము లేకపోగా, 1852లో ఇలినాయ్ సెంట్రల్ రైల్వే కంపెనీ ఆ కట్టను తాను నిర్మించునట్లును, ప్రతిఫలముగా తీరమునకు కొంత ఎడముగా నీటిలో నిలిపిన దూలములపై పట్టాలు వేసికొనునట్లును ఒడంబడిక జరిగెను. ఇబ్బందిలో చేసికొన్న ఆ ఒడంబడిక ఒడ్డును రక్షించిన మాట నిజమే; సరస్సుమీదికి కంపెనీకి త్రోవ చూపినదియు నదియే. 1869లో రాష్ట్ర శాసనసభ, సరస్సు అడుగుభూమిని మైలు దూరమువఱకు, వేయి ఎకరములకు మించిన దానిని, ఆ కంపెనీకే ధారాదత్తము చేయుచు చట్టమొకటి కావించెను. గవర్నరు జాన్ పామర్ దానిని నిరాకరింపగా, శాసనసభ ఆయన నిరాకరణమును త్రోసిపుచ్చెను. నాలుగేండ్లకు, 1873లో, అదే సభ ఆ చట్టమును రద్దుచేసినను, ఒకమాఱు ఇచ్చినదానిని తిరిగి తీసికొన వీలులేదని కంపెనీ పట్టుపట్టుటచే వివాదము అమెరికా సుప్రీంకోర్టు వఱకు నడిచెను.

1892 డిసెంబరున, నలుగురు ఒకవైపును మువ్వురు వేఱొకవైపును నిలువగా, జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ వ్రాసిన తీర్పు రాష్ట్రమునకు అనుకూలమయ్యెను. సరస్సు క్రింది నేలపై రాష్ట్రమునకుగల స్వామ్యము, అమ్ముకొనదగిన సాధారణ ప్రభుత్వభూమిపై గల స్వామ్యము వంటిది కాదనియు, జనులు నావలు నడుపుకొనుటకును, వర్తకము చేసికొనుటకును, చేపలు పట్టుకొనుటకును వారి పక్షమున వహించిన న్యాసమనియు ఆయన నిర్ణయించెను. రేవుకట్టలవంటి ప్రజోపయోగములకై చిన్న తునకలను ఒసగవచ్చును గాని, ఒక మహానగరపు రేవునంతటిని ఒక కంపెనీ చేతిలోబెట్టి ప్రభుత్వము తన బాధ్యతనుండి తొలగిపోరాదు. ప్రవాహజలమును, సముద్రమును, సముద్రతీరమును అందఱి సొత్తుగా ఎంచిన జస్టీనియన్ నాటి రోమక ధర్మశాస్త్రపు భావమే ఇట్లు క్రొత్త దేశమున బలము పుంజుకొన్నది.

ఆ తీర్పు నీటి క్రింది నేలను కాపాడినది. ఒడ్డుమీది నేలకు వేఱొక కావలివాడు కావలసివచ్చెను. 1871నాటి మహాగ్నిప్రమాదమున కూలిన భవనముల శిథిలములను రైలుపట్టాలకును ఒడ్డునకును నడుమనున్న నీటిలో పోయగా ఆ పట్టె వెడల్పయ్యెను; వెడల్పయినకొలది దానిపై కన్ను వేసినవారును హెచ్చిరి. గుఱ్ఱపుసాలలు, సామానుకొట్టములు, పాకలు, చెత్తకుప్పలు దానిని ఆక్రమించెను. 1890లో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ అను వర్తకుడు, దానికెదురుగా తన వ్యాపారభవనమున్న వాడగుటచే, ఆ కట్టడములను తొలగింపుమని నగరముపై దావా వేసెను. 1872లో ఒక్క కాగితపు ధరలపట్టికతో ఆరంభించి, పల్లెలలోని రైతులకు తపాలామూలమున సరకులు పంపు వ్యాపారమున ధనికుడైన యీతడు ప్రచారమునకు దూరముగా మెలగు స్వభావము గలవాడు. ఆతని న్యాయవాది జార్జి మెరిక్ ఆధారముగా చేకొన్నది ఆ 1836నాటి పటమునే: ఆ మాటను నమ్మి కొన్న స్థలముల యజమానులకు, ఎదుటి భూమి తెఱపిగా నుండవలెనని కోరు హక్కు గలదనియే ఆ వాదము.

పాకలను, చెత్తకుప్పలను తొలగించునంతవఱకు వార్డును మెచ్చుకొన్నవారు లేకపోలేదు. ఆయుధశాల మొదలు వస్తుప్రదర్శనశాల వఱకు నగరపు పెద్దలు తలపెట్టిన ఉత్తమ నిర్మాణములకు సయితము ఆతడు అడ్డుపడుటతో అందఱును ఎదురుతిరిగిరి. వర్తకచక్రవర్తి మార్షల్ ఫీల్డ్ 1906లో మరణించుచు ప్రదర్శనశాలకై ఎనిమిది మిలియను డాలర్లను మరణశాసనమున వ్రాసిపోయెను. ఆఱేండ్లలో ఉచితముగా స్థలము చూపవలెనని నిబంధన. వాస్తువిశారదుడు డేనియల్ బర్న్‌హమ్, సరస్సుతీరము జనులదేయని చాటిన తన 1909నాటి ప్రణాళికలోనే, ఆ భవనమును, ఉద్యానమై గ్రాంట్ పార్కు అని పేరు మాఱిన ఆ తీరపు పట్టె నడిబొడ్డున నిలిపెను. దురాశను ఎదిరించువానికి లోకము తోడ్పడును. దానమును ఎదిరించువానికి తోడ్పడువారెవరు? పత్రికలు ఆతనిని మొండివాడని నిందించెను. ప్రజల ఇష్టమునకు విరుద్ధముగా ప్రజలకే ఉద్యానమును కాపాడుటకు ఇంతకాలము పట్టునని 1890లో తెలిసియున్నచో అందులకు పూనుకొనియుందునో లేదోయని 1909లో ఆతడొక పత్రికాప్రతినిధితో అనెను. ఒక్క ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనమునకు మాత్రము ఆతడు సమ్మతించియుండెను. 1897, 1902, 1909, 1910లలో ఇలినాయ్ సుప్రీంకోర్టు నాలుగుమార్లును ఆతని పక్షమే వహించెను. ఫీల్డ్ ప్రదర్శనశాల ఉద్యానమునకు దక్షిణమున సరస్సును పూడ్చిన నేలపై 1921లో తలుపులు తెఱచెను. వార్డ్ 1913లోనే కన్నుమూసియుండెను.

ఈ విజయమునందొక లోపము గలదు. దానిని దాచి వార్డును స్తుతించుట సరికాదు. ఆతడు గెలిచినది పౌరుడుగా కాదు, ఎదుటి స్థలమునకు యజమానిగా. సరస్సు గాలికై ఆదివారము సాయంకాలము పిల్లలతో వచ్చు కూలివానికి, వెనుకవీథి చాకలిదానికి న్యాయస్థానమున నోరు విప్పు అధికారము లేకుండెను. 1970లో ఇలినాయ్ సుప్రీంకోర్టు, ఉద్యానములను పాఠశాలలకు కేటాయించుటను ఆక్షేపించిన పౌరుల అభ్యర్థనమును త్రోసివేయుచునే, సార్వజనికభూమి విషయమై వ్యాజ్యము నడుపు అర్హత మాత్రము పౌరులకు గలదని అంగీకరించెను. ఓడినవారు సాధించిన ఆ హక్కు నా దృష్టిలో నాలుగు విజయములకును ఎక్కువైనది. 1973లో నగరము తీరరక్షణకై శాసనము చేసెను. 1990లో, లయోలా విశ్వవిద్యాలయము ఇంచుమించు పదునెనిమిదిన్నర ఎకరముల సరస్సును పూడ్చుకొనుటకు శాసనసభ అనుమతించినను, లేక్ మిషిగన్ ఫెడరేషన్ అను సంఘము వేసిన దావాపై ఫెడరల్ న్యాయస్థానము అడ్డుపడెను. చలనచిత్రకారుడు జార్జి లూకస్ ఒడ్డున వాహనములు నిలుపు చోట ప్రదర్శనశాల కట్టదలపగా ఫ్రెండ్స్ ఆఫ్ ది పార్క్స్ 2014లో కోర్టుకెక్కెను. 2016లో ఆయన ఆ ప్రయత్నము మానుకొనెను; తరువాత దానిని లాస్ ఏంజెలెస్ నగరమున కట్టించెను. వార్డును నిందించిన మాటలే ఈ సంఘముపైనను వినవచ్చెను.

1892నాటి ఆ తీర్పు మన దేశమునకును వచ్చినది. హిమాచలప్రదేశమున బియాస్ నదీతీరమునందు ఒక హోటలు సంస్థ నదిగమనమునే మార్చబూనిన వైనమును పత్రికలో చదివి సుప్రీంకోర్టు స్వయముగా విచారణకు గైకొని, 1996 డిసెంబరున జస్టిస్ కుల్దీప్ సింగ్ తీర్పుతో ఆ న్యాససిద్ధాంతమును మన చట్టమున భాగముగా స్వీకరించెను. పదేండ్లు నిండకముందే అది తిరుపతి చెఱువుల కడకు చేరినది. తటాకమును సప్తసంతానములలో నొకటిగా ఎంచిన జనుల నడుమ, అవిలాల, పేరూరు చెఱువుల గర్భములను ప్రభుత్వమే గృహనిర్మాణమునకై అప్పగించెను. చెఱువుకట్టక్రింద ఎకరము భూమి యుండవలసిన పని లేకయే, తిరుపతి పౌరులు ఇంటలెక్చువల్స్ ఫోరం అను పేర వ్యాజ్యము నడిపి, హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టుకు పోయిరి. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చెఱువులు ప్రభుత్వము జనుల పక్షమున వహించిన న్యాసమని చెప్పి, ఆ రెండింటిలోను ఇకపై ఏ కట్టడమును లేవరాదనియు, అప్పటికే లేచిన ఇండ్లన్నిటను పైకప్పుపై బడిన వాననీటిని భూమిలోనికి ఇంకింపవలెననియు ఆజ్ఞాపించెను.