నిచ్చెనలెక్కు ఆటల చరిత్రము

వైకుంఠపాళిని గూర్చి మీకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ముక్కోటి ఏకాదశినాడును, శివరాత్రినాడును జాగరణ సేయువారు గవ్వలు వైచి, పటముపై కాయలు నడిపి ప్రొద్దుపుచ్చెడివారు. నిచ్చెన దొరకినవాడు పైకెగయును. పాము నోట బడినవాడు క్రిందికి జాఱును. పుణ్యము నిచ్చెన, పాపము పాము. ఈ యాటయే 19వ శతాబ్ది చివర ఇంగ్లండు జేరి, క్రమముగా వేదాంతమును విడిచి, పిల్లల వినోదముగా మిగిలినది.

నిచ్చెన కథ యంతటితో ముగియలేదు. జపాను దేశమందలి క్యోటో నగరమున 1889లో యమౌచి ఫుసజిరో యనునాతడు నింటెండో యను సంస్థను స్థాపించి, పూలబొమ్మల పేకముక్కలు చేసి యమ్మెను. ఆ సంస్థయే 1981లో డాంకీ కాంగ్ అను యంత్రపుటాటను వెలువరించెను. దానిని గల్పించినవాడు మియమోటో షిగెరు. అందొక వడ్రంగి, పైనుండి కోతి దొర్లించు పీపాలను దుమికి దాటుచు, నిచ్చెనలెక్కి పోవలెను. ఆ వడ్రంగికే తరువాత మేరియో యని పేరు కలిగినది.

అట్టి యాటలు మొదట నాణెము వైచి బయట నాడునవి. 1983లో ఆ సంస్థ యింటి టెలివిజనుకు తగిలించు యంత్రమును జేసి, దానికి కుటుంబ కంప్యూటరు అను నర్థము గల పేరు పెట్టెను. 1985 సెప్టెంబరు 13వ తేదీన దానికై సూపర్ మేరియో బ్రదర్స్ అను నాట వెలువడెను. ఆట యంతయు 40 కిలోబైట్లలో, అనగా నించుమించు 40 వేల ఆంగ్లాక్షరములు పట్టు చోటులో, ఇమిడినది. చోటు చాలక, మబ్బునకు గీచిన బొమ్మకే పచ్చరంగు పూసి పొదగా జూపిరి. పాతచీరతో బొంత కుట్టు ఇల్లాలి పొదుపువంటిదే యిది.

మన దేశమున రంగుల టెలివిజను 1982లో మొదలయినది. విశాఖ ఉక్కు కర్మాగారము 1992 ఆగస్టు 1వ తేదీన జాతి కంకితమయినది. ఆ దశాబ్దమున జపాను యంత్రమునకు నకళ్లు మన పట్టణములందు విరివిగా నమ్ముడువోయినవి. పల్లె విడిచి యుద్యోగమునకై ఉక్కునగరము వంటి చోట్లకు వచ్చిన కుటుంబములు పెక్కింట, జాగరణ రాత్రుల పటముతోబాటు తాతయు నూరనే మిగిలెను; పిల్లలకు తెర దక్కెను.

ఈ రెండాటలకును నొక భేదము కలదు. వైకుంఠపాళిలో గవ్వలదే తీర్పు. కావున ఏడేండ్ల మనుమడును, డెబ్బదియేండ్ల తాతయు సమానులు. మేరియో యాటలో వ్రేళ్ల నేర్పుదే తీర్పు. మొదట మూడు ప్రాణము లిత్తురు. అవి పోయినచో మొదటికి రావలెను. ఎక్కడ పడెనో యెఱిగి మరల దుముకువాడే ముందునకు బోవును. మొదటియాట అదృష్టమునకు దలయొగ్గుట నేర్పును. రెండవది సాధనము నేర్పును. సాధన మెంతయు మంచిదే. కాని యీ యాటలో తాతకు చోటు తగ్గినది.

ఐనను చోటు పూర్తిగ పోలేదు. మేరియోకు లుయీజీ యను తమ్ముడు కలడు. ఒకడు పడగానే రెండవవాని వంతు వచ్చును. కావున పెద్దలు మనుమల యింటికి బోయినపుడు, బిడ్డలు తెరయెదుట నొంటిగ కూర్చున్నారని కోపింపక, లుయీజీ వంతు నడిగి తీసికొనుడు. మీరు గోతిలో బడిన వారు నవ్వుదురు, నవ్వనిండు. పిమ్మట గవ్వలు దీసి పటము పఱచుడు. ఏ పాము పేరేమో, ఏ నిచ్చెన యే గుణమో వారికి జెప్పగలవారు మీరే.