ఒక కంటి రోగమా?

శాస్త్రగ్రంథములు చదివినవారికి కాకాక్షిగోళకన్యాయము తెలిసినదే. కాకికి కనుగ్రుడ్డు ఒక్కటే యనియు, అది అవసరమునుబట్టి రెండు ప్రక్కలకును తిరుగుచుండుననియు పూర్వుల నమ్మిక. ఒకే పదము రెండు చోట్ల అన్వయించునపుడు పండితులు ఈ న్యాయమును చెప్పుదురు. నేనును పెక్కేండ్లు పిల్లలకు చెప్పితిని. కాని నా యెదుట కూర్చున్న బాలుని యందే అది వర్తించుచుండగా కనుగొనలేకపోతిని.

అది 1998వ సంవత్సరము. పదవ తరగతి చదువుచున్న ఆ బాలుడు నల్లబల్లను తల ఒక ప్రక్కకు వంచి చూచెడివాడు. మాటిమాటికి ఎడమకన్ను నులుముకొనెడివాడు. అశ్రద్ధ యనుకొని గద్దించితిని. కుడికన్నే రెండింటి పనియు చేయుచుండుటచే చదువు సాగిపోవుచుండెను. తుదకు పట్టణమున ఒక వైద్యుడు పరీక్షించి, ఎడమకంటి కార్నియా శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చినదని చెప్పెను. నాడు నాకు కలిగిన సిగ్గు నేటికిని తీరలేదు.

కార్నియా యనగా కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె అమరియున్న పారదర్శకమైన పొర. కొందరికి యౌవనారంభమున ఆ పొర క్రమముగా పలుచనై, లోని ఒత్తిడికి తాళలేక ఉబ్బును. అపుడు వెలుగు ఒకచోట కూడక చెదరును; అక్షరము వెంట నీడ అక్షరములు తోచును. ఈ రోగమునకు కెరటోకోనస్ అని పేరు. గ్రీకుభాషలో కెరాస్ అనగా కొమ్ము. కోనోస్ అనగా శంకువు.

జర్మను వైద్యుడు మౌఖార్ట్ 1748లోనే దీనిని వర్ణించెను. 1854లో లివర్‌పూలు వైద్యుడు జాన్ నాటింగ్‌హాం దీనిపై ఒక గ్రంథమే వ్రాసి, తక్కిన కార్నియా వ్యాధులనుండి వేరుపరచెను. 1869లో హార్నర్ అను స్విస్ వైద్యుడు నేటి పేరు పెట్టెను. ఆ కాలమున శంకువు బాగుగా పెరిగినగాని తెలియకుండెను. కావున రెండవకన్ను నిర్దోషమని తలచి, ఇది ఒక కంటికే వచ్చినదని వ్రాసికొనినవారు పెక్కురు.

సాధనములు పెరిగినకొలది ఆ మాట సడలెను. 1859లో లండను వైద్యుడు బౌమన్ కంటిలోనికి వెలుగు ప్రసరింపజేయు అద్దముతో శంకువు నీడను పసిగట్టెను. 1880లో పోర్చుగలు వైద్యుడు ప్లాసిడో నలుపు తెలుపు వలయములుగల పళ్లెమును కల్పించెను. కార్నియాపై ఆ వలయముల ప్రతిబింబము వంకరపోయినచో దోషము తెలియును. గత శతాబ్దపు చివర కంప్యూటరు ఆ వంకరను పటముగా గీయసాగెను. అపుడు నిర్దోషమనుకొన్న రెండవ కంటిలోను లేత దోషము కనబడెను. 2015లో పలుదేశముల నిపుణులు కూడి, నిజముగా ఒక కంటికే పరిమితమైన కెరటోకోనస్ లేదని నిర్ణయించిరి. ఒక కంటినే గట్టిగా నులుముటవంటి కారణముచే ఆ కన్ను మాత్రము ఉబ్బవచ్చునని మినహాయింపు చెప్పిరి.

మా విద్యార్థికిని అట్లే జరిగినది. రెండేండ్ల పిమ్మట కుడికంటి పటమునందును వంకర తోచెను. అతనికి గట్టి కటకములు అమర్చిరి. 1888లో పారిసున కాల్ట్ అను వైద్యుడు గాజుతో తొలుత ప్రయత్నించిన ఉపాయమది. చూపు సరియైనదిగాని ఉబ్బు ఆగలేదు. దానిని ఆపు చికిత్సను డ్రెస్డెన్ వైద్యులు 2003లో ప్రకటించిరి: రైబోఫ్లేవిను చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి కార్నియాను గట్టిపరతురు. పోయిన ఆకారము దానితో పూర్తిగా తిరిగిరాదు. ఉన్నది చాలమందికి నిలుచును.

నాడు నేను ముందే గుర్తించినను రోగమును ఆపు మార్గము లేకుండెను. నేడున్నది. కావున నా పొరపాటు నేడు మరియొకరు చేసినచో నష్టము పెద్దది. ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! పిల్లవాని కన్నులను ఒకదాని తరువాత ఒకటి మూయించి చదివింపుడు. కన్ను నులుముకొనుట మాన్పింపుడు. ఒక కంట దోషము తేలినచో రెండవ కంటిని కూడ వైద్యునికి చూపుడు.