హైదరాబాద్ ప్రజా రవాణా: రాయదుర్గం దాటిన నగరం

హైదరాబాద్ ప్రజా రవాణాకు ఆర్టీసీ సిటీ బస్సులు, ఎంఎంటీఎస్ రైళ్లు, మెట్రో ఆధారం. ఈ మూడూ విస్తరించిన కాలంలోనే నగరం వాటిని మించిన వేగంతో పడమరకు పెరిగింది. నేటి ప్రయాణికుల ఇక్కట్లకు ప్రధాన కారణం ఇదే.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో ఆరంభమైంది. సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమా, లింగంపల్లి ప్రాంతాలను కలిపే ఈ రైళ్లలో టికెట్ ధర స్వల్పం. అయితే దూరప్రాంత రైళ్లు, గూడ్సు బండ్లు తిరిగే పట్టాలపైనే ఇవీ నడవాలి. అందువల్ల మెట్రో తరహాలో నిమిషాల వ్యవధిలో రైలు నడపడం వీలుపడదు.

మెట్రోకు ఆ ఇబ్బంది లేదు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో నిర్మించిన ఈ వ్యవస్థలో మియాపూర్-నాగోల్ మధ్య 30 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2017 నవంబరు 28న ప్రారంభించారు. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్-మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గం తెరుచుకోవడంతో మూడు కారిడార్లలో కలిపి 69 కిలోమీటర్లు అందుబాటులోకి వచ్చాయి. ఎల్బీనగర్‌లో రైలెక్కి, అమీర్‌పేటలో మారితే, ట్రాఫిక్ బెడద లేకుండా హైటెక్ సిటీ చేరవచ్చు.

ఆ దారి రాయదుర్గంతో ముగుస్తుంది. ఉద్యోగాలు మాత్రం అక్కడ ఆగలేదు. నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట ఆ స్టేషనుకు ఆవల ఉన్నాయి. ఈ పెరుగుదలకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఊతమిచ్చింది. ఎనిమిది వరుసల ఆ రహదారి శంషాబాద్ విమానాశ్రయానికి ప్రయాణాన్ని సుగమం చేసింది. నగరం మధ్య నుంచి సాగవలసిన లారీలకు వేరే దారి చూపింది. ఈ మేలు కాదనలేనిది. అయితే అది ప్రధానంగా సొంత వాహనం ఉన్నవారికి దక్కిన మేలు. ఇళ్లు, కార్యాలయాలు రహదారి వెంట నడిచాయి, రైలు వెనుకబడింది. ఆ భవనాలలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు, కాపలాదారులు, కారు లేని ఉద్యోగులు రాయదుర్గంలో దిగి బస్సు కోసమో, షేర్ ఆటో కోసమో వేచి చూడవలసి వస్తున్నది. మెట్రోలో ఆదా అయిన సమయం అక్కడే కరిగిపోతుంది.

దక్షిణాన పాతబస్తీది మరో కథ. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు సుమారు 5.5 కిలోమీటర్ల మార్గం తొలి దశ ప్రణాళికలోనే ఉన్నా నిర్మాణానికి నోచుకోలేదు. ఇరుకు వీధులు, ప్రార్థనా స్థలాలు, ఆస్తుల సేకరణ అడ్డుపడ్డాయి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 మార్చి 8న ఈ మార్గానికి శంకుస్థాపన చేశారు.

రైలు చేరని చోట భారమంతా బస్సుదే. మహిళలకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న అమలులోకి వచ్చాక సిటీ బస్సుల్లో రద్దీ మరింత పెరిగింది. అన్నిటికన్నా ఎక్కువ మందిని మోసే ఆ బస్సు, ఒకే ఒక్కరు కూర్చున్న కారు వెనుక అదే వరుసలో నిలిచి ఉంటుంది.