కెల్విన్: ఒక ఏటి పేరు

కెల్విన్ అసలు మనిషి పేరు కాదు, ఏటి పేరు. గ్లాస్గో విశ్వవిద్యాలయం పక్కనే పారుతుంది. అక్కడ పాఠాలు చెప్పిన విలియం థామ్సన్ 1848లో పరమ ఉష్ణోగ్రతామానాన్ని ప్రతిపాదించాడు. 1892లో లార్డ్ బిరుదు వచ్చినప్పుడు ఆ ఏటి పేరే పెట్టుకున్నాడు. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నట్టే అనుకోండి. తర్వాత ఆయన ఉష్ణోగ్రతామానానికీ అదే పేరు వచ్చింది.

అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాంకిన్ 1859లో ఫారన్‌హీట్ కొలతతో ఇంకో మానం తెచ్చాడు. రెండూ పరమశూన్యం దగ్గరే మొదలవుతాయి. అందుకే మార్చేటప్పుడు 32 కలపడాలూ తీసేయడాలూ ఉండవు, కెల్విన్‌ను 1.8తో గుణిస్తే రాంకిన్ వచ్చేస్తుంది. మంచు కరిగే 273.15 అక్కడ 491.67.

అన్నట్టు, 1967లో కెల్విన్‌కు ‘డిగ్రీ’ తీసేశారు. 300 కెల్విన్‌లు అంటే చాలు. నా నోటికి మాత్రం ఇంకా డిగ్రీయే వస్తుంది.