ఢాకా బస్తీల నీటి లెక్క

ఢాకా నీటి సరఫరా సంస్థ 'వాసా' 1963లో, తూర్పు పాకిస్తాన్ కాలంలో ఏర్పడింది. 1971లో దేశం పేరే మారింది. స్థలానికి హక్కు పత్రం చూపనిదే కుళాయి కనెక్షన్ లేదన్న నియమం మాత్రం ఆ తరువాత రెండు దశాబ్దాలకు కూడా సడలలేదు. యుద్ధమూ, 1974 కరువూ, వరదలూ తరిమితే రాజధానికి చేరి, ఖాళీ భూములలో గుడిసెలు వేసుకున్న లక్షలాది ప్రజలు సంస్థ పద్దులలో ఎక్కడా కనిపించరు.

పద్దులలో లేకున్నా దాహం ఉంటుంది కదా. స్థానికులు 'మస్తాన్లు' అని పిలిచే ముఠా నాయకులు ప్రధాన గొట్టాలకు దొంగచాటుగా పైపులు తగిలించి, ఆ నీటినే బిందెల లెక్కన అమ్మేవారు. అతుకుల వద్ద నీరు వృథాగా కారిపోయేది. ఒత్తిడి తగ్గిన వేళల్లో మురుగు లోపలికి చొరబడేది. మేడలో ఉన్నవాడు మీటరు బిల్లుపై చెల్లించే దానికి ఎన్నో రెట్లు గుడిసెవాసి చెల్లించేవాడు. అతడు కారే పైపు గురించి ఎవరికి చెప్పగలడు? చెబితే మరునాడు తెగేది తన నీరే. అటువంటి వానికి పొదుపు గురించి ఉపదేశించడం అధికారుల అమాయకత్వమో, మరొకటో.

1992లో దుస్థ స్వాస్థ్య కేంద్ర అనే స్వచ్ఛంద సంస్థ ఈ ముడిని మరొక కొస నుంచి విప్పజూసింది. బిల్లుకు తాను పూచీ ఉంటానని వాసాను ఒప్పించి, బస్తీలో ఉమ్మడి నీటి కేంద్రం పెట్టించింది. నిర్వహణ అక్కడి స్త్రీల సంఘానికి అప్పగించింది. బిందెకు ఇంత అని వసూలు చేయడం, నెలనెలా బిల్లు కట్టడం, నిర్మాణపు ఖర్చును వాయిదాలలో తీర్చడం వారి పని. మీటరు దాటిన నీరంతా ఇక వారి బిల్లులోకే వచ్చింది గనుక, కారే కుళాయిని చూసీ చూడనట్లు వదిలే వీలు లేకపోయింది.

వాసా అంగీకారంలో దయ ఎంతో, లెక్క ఎంతో తేల్చడం కష్టం. 1996 చట్టం ఆదాయ వ్యయాల బాధ్యతను సంస్థ నెత్తిన మరింతగా పెట్టింది. నష్టం కింద రాసుకుంటున్న నీటికి డబ్బు కట్టేవారు దొరికారు. తరువాతి కాలంలో పూచీదారు లేకుండానే బస్తీ సంఘాలను నేరుగా వినియోగదారులుగా స్వీకరించింది.

2021 జూలైలో కుళాయి నీటినే నేరుగా తాగవచ్చునని ప్రకటించిన పూరీలోనూ ఈ పోలిక కనిపిస్తుంది. అక్కడ స్వయం సహాయక సంఘాల స్త్రీలే 'జలసాథీ'లుగా మీటర్లు చూస్తారు, గడప వద్దనే నీటిని పరీక్షిస్తారు, బిల్లులు వసూలు చేస్తారు. ఆ వసూళ్లలో వారికి వాటా ఉంది.